ముడి వెనకవైపు

మార్చి 3, సోమవారం

అబ్బాయి మోకాలు ఎలా ఉంది? నిన్నటికంటే నయమేనట, బస్సు బ్రేకు తొక్కినప్పుడు మాత్రం కలుక్కుమంటోందట. కోడలి తలనొప్పి? లేదంది. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. నా మనవరాలు పిచ్చుక గొంతు? బొంగురు పోలేదు, మాటలూ తగ్గలేదు. కింది వాటా టైలరుగారి గుండె? మెట్ల దగ్గర ఎదురైతే అడిగాను. ఇంకా కొట్టుకుంటోందమ్మా, మీరు అడుగుతారని ఆగకుండా పనిచేస్తోంది అన్నాడు. ఇక నేను. బీపీ 150. ఎడమ చెవిలో హోరు. ఇవాళ ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. రేపటి సంగతి తెలియదు.

ఈ పుస్తకం ఆరోగ్యకేంద్రం నర్సు రాయమన్నది. దిగుళ్ళన్నీ కాగితం మీద పెట్టి మూసెయ్యండి, ఎవరికీ చూపించక్కర్లేదు అంది. నా చదువు ఐదో తరగతి. ఒత్తులు తప్పితే నేనే చదువుకోవాలి, నేనే సరిపెట్టుకోవాలి.

పిచ్చుక బడి నుంచి గంతులేస్తూ వచ్చింది. పదో తరగతి వాళ్ళకి చరిత్ర టీచరు పెద్ద పని ఇచ్చిందట. ఈ ఊళ్ళో వెనకటి రోజుల్లో మనిషి రంగు చూసి తీర్పు చెప్పిన కేసు ఒకటి తీసుకోవాలి. అసలు కాగితాలు వెతికి చదవాలి. నెలాఖరుకి ఇరవై పేజీల వ్యాసం రాసివ్వాలి. పిల్ల లాండ్రీ కేసు తీసుకుంది.

అన్ని కేసులుండగా అదే ఎందుకే అన్నాను.

"నువ్వు లాండ్రీలో చేశావు కదా నానమ్మా. అందరూ లైబ్రరీకి పోవాలి. నాకు వంటింట్లోనే ఉంది లైబ్రరీ."

నేను చేసింది హోటల్ లాండ్రీలో అని చెప్పాను. ముప్ఫై ఏళ్ళు ఇస్త్రీ. ఆ కేసు లాండ్రీ వేరు. తర్వాత దాని పేరు కూడా మారిపోయింది. వేరేదే.

టీ పొంగిపోయింది. పొయ్యి రెండుసార్లు తుడిచాను.

మార్చి 4, మంగళవారం

బీపీ 160. ఉప్పు తగ్గించాను. అది వేరే లాండ్రీ.

మార్చి 6, గురువారం

పిచ్చుక యూనిఫాం బొత్తాం ఊడింది. అబ్బాయే కుట్టాడు. మా ఇంట్లో సూది పట్టేది వాడే. కోడలు కొత్తగా వచ్చినప్పుడు వింతగా చూసింది. మా అత్తయ్య చేతికి ఇస్త్రీపెట్టె ఇస్తే రాజ్యం ఏలుతుంది, సూది ఇస్తే ఇల్లు వదిలిపోతుంది అని టైలరుగారి దగ్గర కూడా అంది. నాకు కళ్ళు ఆనవు మరి. పాతికేళ్ళప్పుడు కూడా ఆనలేదా అత్తయ్యా అని ఒకసారి అడిగింది. ఆనలేదన్నాను.

బొత్తాం కుట్టించుకుంటూ పిల్ల కేసు చదివి వినిపించింది. అరవై నాలుగేళ్ళ కిందటి సంగతి. కొండవైపు వీధిలో పెద్ద ఇంటావిడ ఉండేది. తెల్లావిడ, భర్త పోయాక ఒంటరి. ఇంట్లో దొంగ పడి, తల మీద కొట్టి నగలు పట్టుకుపోయాడు. ఆవిడ బతికింది గానీ మనిషిని చూడలేదంది. స్నానాలగది గుమ్మంలో ఒక తువ్వాలు పడి ఉంది. దాని మీద లాండ్రీ బాయిలరు చూసే నల్లాయన గుర్తు ఉంది. ఆయన్ని పట్టుకెళ్ళారు. నగలు ఆయన దగ్గర దొరకలేదు, ఎవరి దగ్గరా దొరకలేదు. యావజ్జీవం వేశారు.

"ఒక్క తువ్వాలుకి నానమ్మా" అంది పిల్ల.

నేను రంగుల సంగతి చెప్పాను. అది ఎవరైనా చెప్పగలిగిందే కదా. కోర్టులో తెల్లవాళ్ళకి ముందు కుర్చీలు. మాది చామనఛాయ, మాకు వెనక బల్లలు. నల్లవాళ్ళు పైన గోడవార నిలబడాలి. జూరీలో పన్నెండుమందీ తెల్లవాళ్ళే.

నువ్వు కోర్టుకి వెళ్ళావా అంది. ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు అన్నాను. నాకప్పుడు పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుంది.

మార్చి 8, శనివారం

ఇవాళ నాకున్న హుషారు రాద్దామంటే కలం ఆగడం లేదు. మంచి కాలం పోయి చెడ్డ కాలం వస్తుందేమోనన్న భయం కూడా ఉంది. అది ఎప్పుడూ ఉండేదే.

పాత రికార్డుల ఆఫీసుకి వెళ్ళాం. పదహారేళ్ళు నిండనివాళ్ళు పెద్దవాళ్ళతో రావాలట. అబ్బాయికి డ్యూటీ, కోడలికి మందుల షాపు. మిగిలింది నేను. రెండు బస్సులు మారాం. నా సంచిలో బీపీ మాత్రలు, మంచినీళ్ళు, బ్రెడ్డు, గొడుగు, అదనంగా ఒక జత మేజోళ్ళు. మనం కొండ ఎక్కడానికి పోతున్నామా అని పిల్ల నవ్వింది. తడిస్తే తెలుస్తుంది.

కాపలాయన కలం లాక్కుని పెన్సిలు ఇచ్చాడు. నేను దొంగలా కనిపించానేమో అనుకున్నాను. అందరికీ అంతేనట, సిరా పడితే కాగితం పోతుందట. తర్వాత తెల్ల గ్లౌజులిచ్చారు. నా జన్మలో నేను ఉతకని, ఇస్త్రీ చెయ్యని తెల్లబట్ట వేసుకోవడం అదే మొదలు. ఇస్త్రీ చేసినవాళ్ళెవరో వేళ్ళ సందుల్లో సరిగా చెయ్యలేదు.

అట్టపెట్టె తెచ్చి ముందు పెట్టారు. మూత తీస్తే పాత కాగితం వాసన. పిచ్చుక గబగబా తిప్పబోతే నేనే చెయ్యి పట్టుకున్నాను. తడిబట్ట విప్పినట్టు విప్పాలే, మూలలు చూసుకుని. రికార్డుల అధికారి పక్కనుంచి చూసి, మీరు ఇదివరకు ఇక్కడ పనిచేశారా అన్నాడు. ఎంత గర్వం వేసిందో.

పిల్ల గుసగుసగా చదివింది, నేను విన్నాను. సాక్షులు తొమ్మిదిమంది. ఆయన తరఫున ఒక్కరూ లేరు. జూరీ లోపలికి వెళ్ళి ఇరవై నిమిషాల్లో బయటికి వచ్చింది. ఇరవై నిమిషాలు. మడతల గౌను ఒకటి సరిగా ఇస్త్రీ చెయ్యడానికి నాకు అంతకంటే ఎక్కువ పడుతుంది.

జైల్లో కూడా ఆయన్ని బట్టలు ఉతికే చోటే పెట్టారట. శిక్ష పడిన తొమ్మిదో ఏట ఊపిరితిత్తులు చెడిపోయి పోయాడు.

పెట్టె అడుగున రెండు అర్జీలున్నాయి. ఆయన కూతురు పెట్టుకున్నవి. మా నాన్న దొంగ కాదు, కేసు మళ్ళీ తెరవండి అని. ఒకటి ముప్ఫై ఏళ్ళ కిందట, ఒకటి పదకొండేళ్ళ కిందట. రెండింటి మీదా ఒకటే ముద్ర. కొత్త సాక్ష్యం లేనందున కొట్టివేయడమైనది.

"ఆవిడ ఇంకా ఉందేమో నానమ్మా. అప్పటికి ఆరేళ్ళట. మనకి కొత్త సాక్ష్యం దొరికితే?"

బస్సులో దారి పొడుగునా అదే మాట. దొరికితే, దొరికితే. నాకూ ఆ ఊపు అంటుకుంది. దిగాల్సిన స్టాపు దాటిపోయాం.

ఆ పాపకి చెవులకి ఎర్ర రిబ్బన్లు ఆనేవి. మధ్యాహ్నం తండ్రికి డబ్బా తెచ్చేది.

మార్చి 9, ఆదివారం

ఇంటిల్లిపాదికీ లాండ్రీ పాఠం చెప్పాను. బాయిలరు, రోలరు, గంజి తొట్టి, నీలిమందు. ఏ బట్ట ఏ ఇంటిదో తెలియడానికి మూలన దారపు కుట్లు. ఖాతాదారులకి ఎర్రదారం. అడ్డకుట్లు వీధికి, నిలువుకుట్లు ఇంటికి. పనివాళ్ళ సొంత బట్టలకి నీలిదారం, వరసలో నీదెన్నో నంబరైతే అన్ని కుట్లు. వందల ఇళ్ళున్నా ఒక్క చేతిరుమాలు తప్పిపోకూడదు. పిల్ల ఆపకుండా రాసుకుంది. అబ్బాయి నోరు తెరిచి విన్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదేమమ్మా అన్నాడు.

చలి ఉదయాల్లో వేళ్ళు కొంకర్లు పోతే బాయిలర్ మామ గోరువెచ్చని నీళ్ళ గిన్నె ఇచ్చేవాడు, వేళ్ళు సాగాకే కుట్టమనేవాడు అన్నాను.

పిల్ల రాయడం ఆపింది. "ఎవరు నానమ్మా, బాయిలర్ మామ?"

బాయిలరు చూసేవాళ్ళని అన్ని లాండ్రీల్లోనూ అలాగే అంటారు అన్నాను. కుట్టేది ఎవరు అంది కోడలు. ఎవరో ఒకరు, చిన్నపిల్లలు చాలామంది ఉండేవాళ్ళు అన్నాను.

ఇద్దరం ఉండేవాళ్ళం. రెండో అమ్మాయి వేసవిలోనే మానేసింది.

మార్చి 11, మంగళవారం

చెవిలో హోరు ఎక్కువైంది. నీళ్ళు మరుగుతున్నట్టు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

మార్చి 15, శనివారం

మళ్ళీ వెళ్ళాం. కాపలాయన పలకరించాడు. మేజోళ్ళు తెచ్చారా అన్నాడు, పిల్ల ఆ మాట కూడా చెప్పేసింది.

ఇవాళ కోర్టులో చూపించిన వస్తువుల జాబితా దొరికింది. గుమాస్తా ఎవరో గానీ చక్కటి చేతిరాత. నాలుగో వస్తువు దగ్గర పిల్ల పైకి చదివింది.

"తెల్ల తువ్వాలు ఒకటి. అంచున రెండు గీతల నేత. ఒక మూలన నీలిదారంతో మూడు కుట్లు. ముడి వెనకవైపు."

ముడి వెనకవైపు.

ముడి వెనకవైపు అని రాశాడు. కళ్ళతో చూసి రాశాడు. న్యాయమూర్తి చదివి ఉంటాడు, పెద్ద పెద్ద లాయర్లు చదివి ఉంటారు. ముడి వెనక ఎందుకుందని ఒక్కరు కూడా, బట్ట ఉతికేవాళ్ళని ఒక్కరిని కూడా, అడగలేదు.

నాకు కళ్ళు తిరుగుతున్నాయన్నాను. రికార్డుల అధికారి మంచినీళ్ళు తెచ్చాడు. పిల్ల భయపడిపోయి టాక్సీ పిలవమంది. టాక్సీ ఎందుకే, దండగ అన్నాను. బస్సులోనే వచ్చాం. నా చెయ్యి వదలలేదు పిచ్చితల్లి.

మార్చి 16, ఆదివారం

ఎవరూ అడగలేదు.

మార్చి 17, సోమవారం

ఏం చేశానో చూడు. నా నోటికి తాళం లేదు.

పిల్ల ఫొటో తీసుకొచ్చిన కాగితాలు బల్ల మీద పరిచింది. నేను భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. ఊరికే చూద్దామనే. అందులో పోలీసులు ఆ ఇంట్లో గది గదికీ రాసుకున్న సామాను పట్టీ ఉంది. స్నానాలగది: అద్దం ఒకటి, బకెట్లు రెండు, తెల్ల తువ్వాళ్ళు ఐదు, అంచున రెండు గీతల నేత.

"ఐదేమిటి, ఆరుండాలి" అన్నాను. నేనే అన్నాను. తువ్వాళ్ళు అరడజను లెక్కన కొంటారు, అరడజను లెక్కనే ఉతుకుడుకి వస్తాయి. ఐదొస్తే లాండ్రీలో కేకలు పుడతాయి.

పిల్ల పట్టీ చూసింది, జాబితా చూసింది, నా వైపు చూసింది. రెండు గీతలు, రెండు గీతలు. ఐదూ ఒకటీ ఆరు. ఆ నాలుగో వస్తువు బయటినుంచి ఎవరో తెచ్చింది కాదు, ఆ ఇంటిదే. పిల్ల పెట్టిన కేకకి టైలరుగారు కొలతల టేపు మెళ్ళో వేసుకునే పైకి పరిగెత్తుకొచ్చాడు. నాకేదో అయిందనుకున్నాడట. నేను, పిల్ల చేతులు పట్టుకుని గది మధ్యలో తిరుగుతున్నాం. డెబ్భై ఆరేళ్ళ మనిషిని. టైలరుగారికి కథంతా చెబితే, ఆయనా తిరిగాడు.

తర్వాత పిల్ల ఆగి అంది. "అయితే నానమ్మా, ఆవిడ తువ్వాలు మీద ఆయన గుర్తు ఎందుకుంది?"

నాకేం తెలుసు అన్నాను.

బీపీ చూసుకోలేదు.

మార్చి 18, మంగళవారం

అబ్బాయి అన్నం తింటుంటే మాటల్లో మాటగా అడిగాను. ఒక మనిషికి ఒక సంగతి తెలిసి చెప్పకపోతే, పోలీసులు ఎన్నేళ్ళ దాకా పట్టుకోవచ్చని.

"కూరలో ఉప్పు వెయ్యలేదు, తెలిసీ చెప్పలేదు. నీకు రెండేళ్ళు పడుతుందమ్మా" అన్నాడు.

నవ్వాను. ఉప్పు నిజంగానే వెయ్యలేదు.

మార్చి 20, గురువారం

చెప్పేశాను.

పిల్ల బల్ల దగ్గర తల పట్టుకుని కూర్చుంది. పదిహేడు పేజీలయ్యాయి. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు లేకపోతే మొత్తం వ్యాసం ఊహ కిందకి పోతుందని టీచరు అన్నదట. నేను ఇస్త్రీ చేస్తున్నాను. ఆ ఇంట్లో వాళ్ళు, లాండ్రీలో వాళ్ళు, ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది, ఎందుకు చెప్పలేదు అని పిల్ల తనలో తను అనుకుంటోంది.

వాళ్ళని ఎవరూ అడగలేదు కదే అన్నాను.

పిల్ల తల ఎత్తింది. లేచి వచ్చి ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపింది.

"ఎవరూ అడగలేదు. సరే. ఇప్పుడు నేనడుగుతున్నాను నానమ్మా."

అంతే. అరవై నాలుగేళ్ళు ఎలా ఆపానో, ఆ ఒక్క మాటకి ఎలా జారిపోయిందో.

అది వేరే లాండ్రీ కాదు. మా అమ్మ అక్కడే ఇస్త్రీ చేసేది. గుర్తులు కుట్టేదాన్ని నేను. మూడు నీలికుట్లు బాయిలర్ మామవి, నిజమే. కానీ పనివాళ్ళ సొంత బట్టకి ముడి ముందుకి వేస్తాం. ఒక్కోసారి గుర్తు ఊడిపోయి, ఎవరిదో తెలియని బట్ట ఏ తొట్టి అడుగునో దొరుకుతుంది. దొరికినవాళ్ళ నంబరే దానికి కుట్టి, ముడి వెనక్కి వేస్తాం. అంటే ఇది ఇతనిది కాదు, ఇతనికి దొరికింది, అసలువాళ్ళ కోసం ఆగి ఉంది అని. నెల దాటినా ఎవరూ రాకపోతే దొరికినవాళ్ళకే ఇచ్చి ముడి ముందుకి మారుస్తాం. అసలువాళ్ళు వస్తే నీలిదారం కత్తిరించి ఎర్రదారం కుట్టి ఇస్తాం.

ఆ తువ్వాలు బాయిలరు వెనక ఆయనకి దొరికింది. నాకే తెచ్చి ఇచ్చాడు. నేనే కుట్టాను. నాలుగు రోజులకి పెద్దింటి పనిమనిషి, మా ఆరో తువ్వాలు ఏదని వచ్చి పడింది. అమ్మ అది తీసి నా ముందు వేసి, దారం మార్చి ఇచ్చెయ్యమంది. అప్పుడే బయట ఐసు బండి గంట మోగింది. బాయిలర్ మామ పొద్దున్నే నా చేతిలో ఐసుకి చిల్లర పెట్టాడు, ఎండగా ఉంది కొనుక్కోవే అని. బండి పోతుందేమోనని, మడతపెట్టి అలాగే ఇచ్చేశాను. దారం కత్తిరించలేదు.

ఐసు కోసం. ఆయన కొనిపెట్టిన ఐసు కోసం.

కోర్టు మొదలైన రోజు వెనక బల్ల మీంచి ఆ తువ్వాలు చూసి వచ్చి అమ్మకి చెప్పాను. అప్పటికే లాండ్రీ మేనేజరు అమ్మని పిలిచి చెప్పాడట, మీ చామనఛాయ వాళ్ళ జోలికి ఇంతవరకు ఎవరూ రాలేదు, అలాగే ఉండనివ్వండి అని. అమ్మ నా సూదిపెట్టె తీసుకుని పైన అటక మీద పెట్టేసింది. నిన్నెవరూ అడగలేదు, అడగనిదానికి జవాబు చెప్పక్కర్లేదు అంది. నేను మళ్ళీ ఆ లాండ్రీకి పోలేదు. మళ్ళీ సూది పట్టలేదు.

ఇదంతా చెప్పి, నా వల్లే పోయాడే ఆయన అన్నాను.

పిల్ల ఏడుస్తోంది, కళ్ళు మెరుస్తున్నాయి కూడా. నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నువ్వు దారం మర్చిపోయావు నానమ్మా. వాళ్ళు పన్నెండుమంది ఒక మనిషిని మర్చిపోయారు. ఆ తువ్వాలు లేకపోతే ఆయన చొక్కా బొత్తాం తెచ్చేవాళ్ళు."

అయినా దారం నాదే కదా.

మార్చి 21, శుక్రవారం

ఎనిమిదింటిదాకా నిద్రపోయాను. కోడలు రెండుసార్లు వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట. టీ ఇచ్చింది. నా తల దువ్వి పెట్టింది.

మార్చి 24, సోమవారం

చరిత్ర టీచరే ఇంటికి వచ్చింది. పిల్ల చెప్పినప్పుడు నమ్మలేకపోయిందట. కుర్చీ అంచున కూర్చుని, కొత్త సాక్ష్యమండీ, బతికున్న సాక్ష్యం అని నాలుగుసార్లు అంది. ఆ కూతురు ఉంది. డెబ్భై ఏళ్ళు. నది అవతల ఉంటుంది. ఒక లాయరమ్మ చేత మూడో అర్జీ వేయించిందట, అదనపు కాగితాలు పెట్టడానికి ఈ నెల ముప్ఫై ఒకటి ఆఖరు రోజు. ఈసారి కూడా కొట్టేస్తే ఇక వేసుకునే వీల్లేదట. నేను ప్రమాణం చేసి వాంగ్మూలం ఇస్తే చాలు.

అబ్బాయి ఒప్పుకోలేదు. ఈ వయసులో మా అమ్మని బోనెక్కిస్తారా, రేపు పేపర్లో అమ్మమ్మ పేరు పడితే పోయినావిడ వచ్చి సమాధానం చెప్పుకుంటుందా, చనిపోయిన మనిషిని బజార్లోకి లాగుతారా అన్నాడు. వాణ్ణి పెంచింది మా అమ్మే.

కోడలు అంట్లు కడుగుతోంది. వెనక్కి తిరక్కుండానే అంది.

"ఆయన్ని అరవై నాలుగేళ్ళుగా లాగుతూనే ఉన్నారుగా. ఆయన కూడా చనిపోయినాయనే."

అబ్బాయి మోకాలు రాసుకుంటూ కూర్చుని, గురువారం నాకు సెలవు, నేనే తీసుకెళ్తాను అన్నాడు.

జైల్లో పెడితే బీపీ మాత్రలు ఇస్తారా అని టీచర్ని అడిగాను. మిమ్మల్ని ఎవరూ జైల్లో పెట్టరండీ అంది. పెట్టరని రాసిస్తారా అని కూడా అడగాలనుకున్నాను. అబ్బాయి ముందు బాగుండదని ఊరుకున్నాను.

మార్చి 27, గురువారం

వాంగ్మూలం ఇచ్చాను. నలుగురం వెళ్ళాం, పెళ్ళికి పోయినట్టు. నా బట్టలకి రెండుసార్లు ఇస్త్రీ చేశాను.

లాయరమ్మ చిన్నపిల్ల. నల్లపిల్ల, చలాకీ. రాసే ఆయన పక్కన కూర్చుని నేను చెప్పింది చెప్పినట్టు రాశాడు. ముడి దగ్గరికి వచ్చేసరికి ఆయనకి అర్థం కాలేదు. వెనక్కి అంటే ఎలాగ, ముందుకి అంటే ఎలాగ అని మూడుసార్లు అడిగాడు. కుట్టి చూపించగలరా అంది లాయరమ్మ.

మా ఇంట్లోవాళ్ళు ముగ్గురూ నా వైపు తిరిగారు. పిల్ల ముందే అనుకుని ఉంటుంది, సంచిలోంచి తీసింది. టైలరుగారి దగ్గర అడిగి తెచ్చిన సూది, నీలిదారం ఉండ, తెల్లగుడ్డ ముక్క.

దారం మొదటిసారికే ఎక్కింది. కళ్ళు ఆనాయి.

చేతులు మాత్రం ఆగలేదు, వాటికి నాతో పనేలేదు. ఒకటి, రెండు, మూడు, తిప్పి ముడి. ఇంకో మూల ఒకటి, రెండు, మూడు, ముందుకి ముడి. పళ్ళతో దారం తెంపాను. రాసే ఆయన రెండూ వెలుగులో పెట్టి చూసి, ఇంత సులువా అన్నాడు. ఇంతేనండీ అన్నాను. అడిగితే ఎవరైనా చెప్పేవాళ్ళం అనబోయాను. నోట్లోనే ఉంచుకున్నాను. అది నిజం కాదు.

బయటికి వచ్చాక కోడలు, ఇక బొత్తాలన్నీ మీరే అత్తయ్యా అంది.

మార్చి 31, సోమవారం

పిల్ల వ్యాసం ఇచ్చేసింది. ఇరవై మూడు పేజీలు. కాగితాలు కోర్టుకి కూడా చేరాయి. పోస్టులో పోతాయేమోనని నేను గోల చేస్తే లాయరమ్మ స్వయంగా పట్టుకెళ్ళింది.

ఏప్రిల్ 4, శుక్రవారం

అర్జీ విచారణకి తీసుకున్నారు. కొట్టెయ్యలేదు. అబ్బాయి డిపో నుంచి ఫోన్ చేసి రెండుసార్లు అడిగాడు, నిజమేనా అని. టైలరుగారు పైకొచ్చి మళ్ళీ తిరుగుదామా అన్నాడు. మీ గుండె చూసుకోండి అన్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

పొద్దున్న ఫోన్ మోగింది. పిల్ల తీసి, మొహం మారిపోయి, నాకిచ్చింది. ఆవిడే.

ఏం మాట్లాడాలో వారం రోజులుగా అనుకుంటూనే ఉన్నాను. అన్నీ పోయాయి. అలవాటు కొద్దీ, మీ ఆరోగ్యం ఎలా ఉందండీ అని అడిగాను. అవతల నవ్వినట్టు వినిపించింది. బీపీ ఉందట, నాలాగే. తుంటి ఎముక నొప్పి, మెట్లు దిగలేదట. నాది ఎడమ చెవి అని చెప్పాను. ఆవిడది కుడి చెవట.

అప్పుడు చెప్పాను. దారం నేనే కత్తిరించలేదండీ. తర్వాత కూడా చెప్పలేదు. నాకు హోరు తప్ప ఏమీ వినపడలేదు, పెట్టేసిందేమో అనుకున్నాను.

"చదివాను. మీ వాంగ్మూలం మూడుసార్లు చదివాను" అంది. "కోపం రాలేదని చెప్పను. రెండు రోజులు వచ్చింది. తర్వాత వేరే సంగతి గుర్తొచ్చింది. నాకు మా నాన్న మొహం ఫొటోలో ఉంది. చేతులు లేవు. చేతులు ఎలా ఉండేవో ఎంత ఆలోచించినా గుర్తు రావు. మీకు తెలుసా?"

తెలుసన్నాను. ఎడమ చేతి బొటనవేలు మీద ఆవిరి కాల్చిన మచ్చ, ఆకు ఆకారంలో. వేళ్ళు పొడుగు. గోరువెచ్చని నీళ్ళలో నా వేళ్ళు పెట్టి, తన చేతులు మీద మూసేవాడు. చాలా మెత్తన, రోజంతా తడిలో ఉండేవి కదా. మీ ఎర్ర రిబ్బన్లు కట్టింది కూడా ఆ చేతులే, మీ అమ్మ తొందరపెడితే గుమ్మంలో కూర్చోబెట్టి కట్టేవాడు.

ఆవిడ ఏడ్చింది. నేనూ. పిల్ల నా భుజం పట్టుకునే ఉంది.

"ఫోన్‌లో వద్దు. వచ్చి చెప్పండి. కూర్చుని అన్నీ చెప్పండి" అంది.

ఇక రాసుకోవాలి. అబ్బాయి మోకాలు నయం. కోడలికి తలనొప్పి ఉందట, మొదటిసారి నిజం చెప్పింది. పిచ్చుక గొంతు బాగుంది. టైలరుగారి గుండె కొట్టుకుంటోంది. ఆవిడకి తుంటి నొప్పి, మెట్లు దిగలేదు, అందుకే మేమే వెళ్తాం. బస్సు దారిలో ఆగిపోతే? వాన పడితే? మేజోళ్ళు పెట్టుకున్నాను. సూది, దారం కూడా పెట్టుకున్నాను. ఒక తెల్ల తువ్వాలు కొన్నాం, రెండు గీతలది. మూలన మూడు నీలికుట్లు వేశాను. ముడి ముందుకి.

వెళ్ళేది ఏప్రిల్ 13, ఆదివారం, పొద్దున్న పదకొండింటికి.